పై సత్యవేణి, కింది సత్యవేణి

సత్యవేణి బస్సులో మొదట మాయమైంది కిటికీ పక్క ప్రయాణికులు.

ఎక్కేటప్పుడు అందరూ కనిపించేవారు. దిగేటప్పుడూ కనిపించేవారు. మధ్యలో మాత్రం బస్సు ఖాళీ అయిపోయేది. కండక్టరు సత్యవేణి టికెట్ల మిషను పట్టుకుని నడవాలో నిలబడితే ఆమెకు కనిపించేవి డ్రైవరు మెడ, ఆ మెడకవతల అద్దం, అద్దంలోంచి రోడ్డు. అంతే. అటూ ఇటూ ఎవరో నల్ల దుప్పటి వేలాడదీసినట్టుండేది. తలనొప్పి సరేసరి. అయిదో నెల కడుపు కాబట్టి ఇదీ అందులో భాగమే కాబోలనుకుంది. అత్తగారూ ఆ మాటే అంది. కడుపుతో ఉన్న మనిషికి ఏమొచ్చినా కడుపు వల్లే వచ్చిందని చెప్పేస్తే ఇంట్లో ఎవరికీ శ్రమ ఉండదు.

ఒకనాడు చెకింగు ఇన్‌స్పెక్టరు బస్సెక్కాడు. టికెట్టు లేనివాళ్ళు గుంపుగా దొరికారు. అందరూ కిటికీల పక్కనే కూర్చుని ఉన్నారు.

"ఇంతింత మనుషుల్ని చూళ్ళేదా అమ్మా?" అన్నాడాయన.

"ఎదురుగా కూచుంటే చూసేదాన్నేనండి," అంది సత్యవేణి.

ఆమె అబద్ధం ఆడలేదు. కానీ ఇన్‌స్పెక్టరు తన సర్వీసులో ఇలాంటి సాకు వినలేదు. మెమో ఇచ్చి, కళ్ళు చూపించుకోమని సలహా కూడా ఇచ్చాడు. సలహా నిజంగానే ఇచ్చాడో, వెటకారంగా ఇచ్చాడో తెలియదు గానీ, సత్యవేణి రెండూ తీసుకుంది.

కంటి డాక్టరు ఆమెను చుక్కల దీపాల ముందు కూర్చోబెట్టి పరీక్ష చేశాడు. కళ్ళు నిక్షేపంలా ఉన్నాయన్నాడు. కళ్ళ వెనక సంగతే బాగాలేదన్నాడు. స్కానింగులో అసలు విషయం తేలింది. ముక్కుకు వెనక, మెదడుకు అడుగున, పిట్యూటరీ అని శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. ఒంట్లో ఎవరు ఎప్పుడు పెరగాలి, పాలెప్పుడు పడాలి అన్న ఆజ్ఞలన్నీ అక్కణ్ణించే వెళతాయి. కడుపుతో ఉన్నప్పుడు అది మామూలుగానే కాస్త ఉబ్బుతుంది. సత్యవేణికి అందులో ఒక కణితి లేచింది. అదీ ఉబ్బింది. ఉబ్బి, పైనుంచి పోయే కంటినరాలను నొక్కుతోంది. మాత్రలు వేసి చూశారు. కణితి మాత్రల మాట వినలేదు. పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు.

పెద్దాసుపత్రిలో నరాల సర్జను డాక్టర్ జాకబ్ స్కానింగు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి, కుర్చీ ముందుకు జరుపుకుని సరిగ్గా ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. అలా కూర్చుంటేనే ఆమెకు కనిపిస్తానని గ్రహించిన మొదటి మనిషి ఆయనే.

"పుర్రె కొయ్యనక్కర్లేదమ్మా. ముక్కులోంచి వెళ్ళి తీసేస్తాను. ఇప్పుడు నీకు ఆరో నెల పడుతోంది. ఆపరేషనుకి ఇదే మంచి సమయం. ఆలస్యమైతే చూపు పోతుంది. పోయింది తిరిగొస్తుందని నేను మాటివ్వలేను."

"పిల్లకేం అవ్వదు కదండీ?" అంది సత్యవేణి. కడుపులో ఉన్నది ఆడపిల్లేనని ఆమె తనకు తానే తీర్మానించేసుకుంది.

"కాన్పుల డాక్టర్లు పక్కనే ఉండి బిడ్డ గుండె చూస్తూనే ఉంటారు. భయపడకు."

సత్యవేణి భయం ఆపరేషను గురించి కాదు. పిల్ల పుట్టి, పాకి, నడిచి, పరుగెత్తుకుంటూ ఒక పక్కనుంచి వచ్చి ఒళ్ళో పడాలనుకుంటే, అది ఒళ్ళో పడేదాకా వస్తున్నట్టు తనకు తెలియదు. రోడ్డు మీదకి పరుగెత్తినా తెలియదు.

"అయితే రేపే చేసెయ్యండి డాక్టరుగారూ," అంది.

రేపే చెయ్యాలని డాక్టర్ జాకబ్ కూడా అనుకున్నాడు. పాపం, ఆయన ఆ ఆసుపత్రికి కొత్త.

ఆ ఆసుపత్రి గోడలన్నిటి మీదా ఆకుపచ్చ అక్షరాలతో ఒక నినాదం ఉంది. 'ఒక రోగి, ఒకే విభాగం.' ఒకప్పుడు అక్కడ రోగులు ఈ విభాగం నుంచి ఆ విభాగానికి, ఆ విభాగం నుంచి ఇంకో విభాగానికి తిరిగి తిరిగి, జబ్బు నయమయ్యే లోపు ఆసుపత్రి దారులన్నీ కంఠతా పట్టేసేవారు. నాణ్యతా సంఘంవారు తనిఖీకి వచ్చి ఇది చూసి ముక్కున వేలేసుకున్నారు. సూపరింటెండెంటు చక్రధరరావుగారికి రోషం ఎక్కువ. మర్నాడే ఉత్తర్వు వేశారు. ప్రతి రోగీ ఏదో ఒక విభాగం సొత్తు, ఆ విభాగంవారు తప్ప వేరేవారు ఆ రోగిని ముట్టుకోరాదు అని. ఉత్తర్వు అద్భుతంగా పనిచేసింది. రోగులు తిరగడం మానేశారు. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారు. నాణ్యతా సంఘంవారు మార్కులు వేసి, ఒక ఇత్తడి ఫలకం కూడా ఇచ్చారు.

చేర్చుకునే కౌంటరులో భీమశంకరం అనే గుమాస్తా ఉన్నాడు. సత్యవేణి మొగుడు నూకరాజు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు ఎత్తే మనిషి. దేనికీ జంకడు గానీ కౌంటరు కనిపిస్తే చెమటలు పడతాయి.

"ఆవిడ గర్భిణీయేనా?" అన్నాడు భీమశంకరం.

"అవునండి."

"ప్రసూతి విభాగం."

"కాదండి, జబ్బు తలలో ఉందండి."

"తల ఎవరిది?"

"మా ఆవిడదేనండి."

"మీ ఆవిడ గర్భిణీ. కాబట్టి ఆ తల కూడా గర్భిణీదే. ప్రసూతి విభాగం. తరవాతెవరు?"

నూకరాజు ఇందులో తప్పు ఎక్కడుందో పట్టుకుందామని చాలాసేపు ఆలోచించాడు. దొరకలేదు.

ప్రసూతి విభాగం పెద్ద డాక్టర్ విశాలాక్షిగారు. లావుపాటి మనిషి, కేక వేస్తే వార్డులో పసిపిల్లలు ఒకేసారి లేచేవారు. ఆవిడ సత్యవేణి కాగితాలు చూసి కళ్ళజోడు తీసేశారు.

"నా సర్వీసు మొత్తంలో ఎవరికీ తలవైపు నుంచి కాన్పు చెయ్యలేదు తల్లీ. మెదడు నేనేం చేస్తాను?"

"అయితే జాకబ్ డాక్టరుగారికి పంపేయండమ్మా," అంది సత్యవేణి.

"ఎలా పంపుతాను? నువ్వు నా వార్డు సొత్తువి. ఒక్క రోగిని బయటికి పంపితే ఫలకం వెనక్కి తీసుకుంటారట."

ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆ మాట చెబుతూనే సత్యవేణి చేతిలో ఒక అరటిపండు పెట్టారు. పక్కనుంచి పెట్టారు కాబట్టి సత్యవేణి ఉలిక్కిపడింది. విశాలాక్షిగారు అది చూశారు.

డాక్టర్ జాకబ్ సూపరింటెండెంటు గదికి వెళ్ళాడు. ఆరోగ్యం, చూపు, ఆరో నెల, అన్నీ చెప్పాడు. చక్రధరరావుగారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆయన మామూలు మనుషులతో కూడా ఫైళ్ళ భాషలోనే మాట్లాడతారు. ఇంట్లో పెరుగు అడగాలన్నా అలాగే అడుగుతారని వంటావిడ చెబుతుంది.

"డాక్టర్ జాకబ్! ఉత్తర్వును అతిక్రమించుట అసాధ్యము. అయితే ఉత్తర్వును అనుసరిస్తూనే మీ సమస్యను పరిష్కరించుట సాధ్యము. ఒక రోగికి ఒకే విభాగము అన్నాము. రోగులే ఇద్దరైనచో?"

"ఒక్కరే కదండీ ఉన్నది."

"అది పాలనాదృష్టి లోపించిన మాట. కంఠమును సరిహద్దుగా నిర్ణయిస్తున్నాను. కంఠమునకు పైభాగము మీది. కింది భాగము ప్రసూతివారిది. వెంటనే అమలుచేయండి."

అలా సత్యవేణి ఇద్దరైంది. భీమశంకరం రెండు కేసు షీట్లు తెరిచాడు. ఒకదాని మీద పై సత్యవేణి, రెండోదాని మీద కింది సత్యవేణి. నరాల బ్లాకుకూ ప్రసూతి బ్లాకుకూ మధ్య ఉమ్మడి గోడ ఒకటి, ఆ గోడకు ఒక గుమ్మం ఉన్నాయి. మంచాన్ని ఆ గుమ్మంలో అడ్డంగా వేశారు. తల నరాల బ్లాకులో, తక్కిన ఒళ్ళు ప్రసూతి బ్లాకులో. తలుపు ఇక మూసే అవసరం లేదని గుర్తించి పాలనాపరంగా దాన్ని ఊడదీశారు.

ఆ మంచం మీద బతుకు అంత తేలిక కాలేదు. ప్రసూతి నర్సు గుడ్డు, పాలు, పల్లీపట్టీ తెచ్చేది. కింది సత్యవేణికి బలం కావాలి. కానీ నోరు పై సత్యవేణిది. నరాల నర్సు ఒప్పుకునేది కాదు, "ఆపరేషనుకి ఎప్పుడు పిలుస్తారో తెలీదు, మా రోగి ఏమీ తినకూడదు" అనేది. గుడ్డు గుమ్మం దగ్గర ఆగిపోయేది. బీపీ చూడాలంటే పట్టీ కట్టే చెయ్యి కింది విభాగానిది, అంకె కావలసింది పై విభాగానికి. కాబట్టి ఒక నర్సు రాసి రెండో నర్సుకు పంపేది, మంచానికి ఆ చివర నుంచి ఈ చివరకు, ఆసుపత్రి పోస్టులో. చూడడానికి వచ్చిన నూకరాజుకు రెండు పాసులు ఇచ్చారు. ముఖం చూసే వేళలు వేరు, కాళ్ళు పట్టే వేళలు వేరు.

"నువ్వు నాకు పూర్తిగా ఎప్పుడు దొరుకుతావే?" అన్నాడు నూకరాజు ఒకసారి పై పాసు మీద వచ్చి.

సత్యవేణికి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. "ముందుకి జరుగు," అంది. "ఇంకొంచెం. నిన్నయితే అక్కడ కనపడ్డావు. ఇయ్యాళ ఇక్కడికొస్తేగానీ కనపట్టంలేదు."

నల్ల దుప్పటి రోజురోజుకూ లోపలికి జరుగుతోంది. నూకరాజు పాసు నలిపి పారేసి, బయటికి వెళ్ళి, గోడ మీద ఉన్న ఆకుపచ్చ నినాదాన్ని ఒక గుద్దు గుద్దాడు. గోడకేం కాలేదు.

సంతకం దగ్గర మరో చిక్కు వచ్చింది. ఆపరేషను పై సత్యవేణికి, కానీ సంతకం పెట్టే చెయ్యి కింది సత్యవేణిది. ఒక రోగి మరో రోగి బదులు సంతకం పెట్టడం చెల్లదన్నాడు భీమశంకరం. చివరికి పై సత్యవేణి నోటితో సరేనన్నట్టు ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. డాక్టర్ జాకబ్ ఆపరేషను గది సిద్ధం చేయించాడు. అప్పుడు చెవి, ముక్కు, గొంతు విభాగం పెద్ద డాక్టర్ తిరుమలరావుగారు రంగంలోకి దిగారు.

"ఏదారిన వెళతారట?" అని అడిగారు.

"ముక్కులోంచి," అన్నాడు జాకబ్.

"ముక్కు మాది."

కమిటీ కూర్చుంది. రోగిని కదిపితే సరిహద్దు చెదిరిపోతుందని కమిటీయే గుమ్మం దగ్గరకు వచ్చింది. మంచానికి అటు రెండు కుర్చీలు, ఇటు రెండు కుర్చీలు వేశారు. వెల్లకిలా పడుకున్న సత్యవేణికి వాళ్ళెవరూ కనిపించలేదు. ఆమెకు కనిపించింది గుమ్మం పైకమ్మీ, దాని మీద ఒక మేకు. తన చూపు భవిష్యత్తు గురించి రెండు పక్కలా గొంతులు మాత్రం వినిపించాయి.

"తల తమది కావచ్చును," అంటోంది తిరుమలరావుగారి గొంతు. "ముక్కు తలలోనే ఉండవచ్చును. అయినా ముక్కు స్వయంప్రతిపత్తి గల విభాగము. దారి ఇవ్వబోమనడం లేదు. అడగకుండా వెళ్ళరాదంటున్నాము."

"అడుగుతున్నానండి, దారివ్వండి," అంది జాకబ్ గొంతు.

"వెళ్ళేటప్పుడు ఏమి తీసుకువెళతారో, వచ్చేటప్పుడు ఏమి తీసుకువస్తారో తెలపండి. సరుకు వివరము లేకుండా దారిపత్రము ఇవ్వలేము."

"వచ్చేటప్పుడు కణితి తెస్తాను. ఇంకేం తెస్తాను?"

"ఆ కణితి ఏ విభాగపు సొత్తు?"

అక్కడే ఉంది తిరకాసు. తలలో ఉంది కాబట్టి నాదే అన్నాడు జాకబ్. కానీ అది పాలు పడేలా చేసే హార్మోను పుట్టించే కణితి అని ఆయనే రాశాడు. పాలు ఎవరివి?

"పాలు మావే," అంది విశాలాక్షిగారి గొంతు, కొంచెం ఇబ్బందిగా.

"అటులైనచో కణితి కూడా మీదే," అంది చక్రధరరావుగారి గొంతు.

"మాదైతే మా రిజిస్టర్లోకి ఎక్కాలండి. మా దగ్గర గర్భిణి ఒంట్లోంచి బయటపడ్డది ఏదైనా ప్రసవం కిందే రాస్తాం. వేరే గడి లేదు."

ఎవరో కుర్చీలోంచి లేచిన చప్పుడైంది. చక్రధరరావుగారి గొంతు సత్యవేణి మీదుగా వంగి, మొదటిసారి మామూలు మనిషి గొంతులా పలికింది.

"కడుపు కొయ్యరు కదా?"

"కడుపెందుకు కోస్తానండీ, ముక్కులోంచి కదా," అన్నాడు జాకబ్.

"కోత లేదు. కుట్టు లేదు. అంటే సాధారణ ప్రసవం!"

ఆయన ఆనందానికి కారణం ఉంది. కడుపు కోసి చేసే కాన్పులు ఎక్కువైపోయాయని పైవారు ఆ ఆసుపత్రికి అక్షింతలు వేస్తున్నారు. సాధారణ ప్రసవాల శాతం పెంచకపోతే ఫలకం సంగతి అటుంచి కుర్చీకే ఎసరొచ్చేలా ఉంది. అలాంటప్పుడు దేవుడు పంపినట్టు ఒక కాన్పు, అదీ ముక్కు ద్వారా, గుమ్మంలో అడ్డంగా పడుకుని ఉంది.

"ప్రజాప్రయోజన దృష్ట్యా శస్త్రచికిత్సను అత్యవసరముగా అనుమతించడమైనది!" అన్నారాయన. "డాక్టర్ తిరుమలరావు, దారిపత్రము. డాక్టర్ విశాలాక్షి, మీరు అక్కడే ఉండి ప్రసవము జరిపించినట్లు సంతకము చేయాలి. రేపు వద్దు. ఇవాళే."

ఇన్నాళ్ళుగా చూపు పోతోందంటే కదలని కమిటీ శాతం పెరుగుతుందనేసరికి పరుగు తీసింది. డాక్టర్ జాకబ్ నోరు తెరిచి ఏదో అనబోయాడు. మంచం మీద ఉన్న మనిషి ముఖం చూసి నోరు మూసుకున్నాడు. కొన్ని అబద్ధాలకు అడ్డు చెబితే ఒకరి కళ్ళు పోతాయి. ఆయన మంచి డాక్టరు కాబట్టి అడ్డు చెప్పలేదు.

ఆపరేషను చక్కగా జరిగింది. విశాలాక్షిగారు పక్కనే నిలబడి మొదటినుంచి చివరిదాకా బిడ్డ గుండె చప్పుడు వింటూనే ఉన్నారు. సత్యవేణి కళ్ళు తెరిచేసరికి ముక్కు నిండా దూది, తల నిండా బరువు. ఎదురుగా ఎవరూ లేరు. అయినా ఆమెకు ఇద్దరు మనుషులు కనిపించారు. ఎడమ పక్క నూకరాజు, కుడి పక్క డాక్టర్ జాకబ్.

"కదలొద్దమ్మా," అన్నాడు జాకబ్.

"నేను కదల్లేదండి," అంది సత్యవేణి దూది గొంతుతో. "మీరిద్దరూ ఒక్కసారే కనపడతన్నారండి."

నూకరాజు ఐసు దిమ్మలెత్తే చేతులతో ముఖం కప్పుకుని వార్డంతా వినపడేలా ఏడ్చాడు. డాక్టర్ జాకబ్ కూడా కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ తిరగడం కూడా సత్యవేణికి కనిపించింది. అంత సంతోషం ఆమె జన్మలో ఎరగదు.

బయట ఆసుపత్రి గేటుకు బ్యానరు కట్టారు. 'సూపరింటెండెంటు గారి సారథ్యమున తొలి నాసికా ప్రసవము, తల్లి క్షేమము.' బిడ్డ క్షేమము అని రాయడానికి కాస్త వెనకాడారు, ఎందుకంటే అది సీసాలో ల్యాబుకు వెళ్ళింది. శాతం పెరిగింది. చక్రధరరావుగారికి శాలువా కప్పారు. ఆ నెలలో ఇంకెవరైనా తలలో కణితి ఉన్న గర్భిణులు దొరుకుతారేమో చూడమని ఆయన మౌఖికంగా ఆదేశించారు కూడా.

సత్యవేణి ఇంటికి వెళ్ళి, తినవలసినవి తిని, నొప్పి తగ్గిన తలతో పొట్ట పెంచుకుంటూ కూర్చుంది. నెలలు నిండాయి. ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. నూకరాజు ఆటోలో పెద్దాసుపత్రికి తెచ్చాడు. కౌంటరులో భీమశంకరం.

"ప్రసూతి విభాగం!" అన్నాడు నూకరాజు. ఈసారి పాఠం వచ్చేసిందని అతని ధైర్యం.

భీమశంకరం రిజిస్టరు తిరగేశాడు. "ఈవిడకి కాన్పు అయిపోయిందండి."

"ఎవరికండీ?"

"ఈవిడకే. సాధారణ ప్రసవం, ముక్కు ద్వారా. బయట బ్యానరు కూడా ఉంది."

సత్యవేణి పొట్ట పట్టుకుని కౌంటరు మీద వాలింది. "మరిదేటండీ?"

"అది మా రికార్డులో లేదమ్మా."

కేకలకు విశాలాక్షిగారు వచ్చారు. పొట్ట మీద చెయ్యి వేసి చూశారు. ఆవిడ ముఖం ఒక్కసారి డాక్టరు ముఖమైంది, మరుక్షణం మళ్ళీ ఆసుపత్రి ముఖమైంది. ఫోనులో సూపరింటెండెంటుగారిని పిలిచారు. ఆయన గొంతు ఫోను ఇవతల నిలబడ్డవాళ్ళకు కూడా వినిపించింది.

"అసాధ్యము! ఒకే గర్భములో రెండు ప్రసవములు నమోదైనచో మొదటిది బోగసని తేలును. శాతము పడిపోవును. ప్రసవము అయిపోయిన స్త్రీ గర్భిణి కాజాలదు. గర్భిణి కానిచో ఆమె మీ రోగి కాజాలదు. ఆమె నరాల విభాగపు పాత రోగి. ఉదరములో ఏదైనా మిగిలియున్నచో వారే చూసుకొందురు."

అలా సత్యవేణి నొప్పులు పడుతూ నరాల వార్డుకు వెళ్ళింది. డాక్టర్ జాకబ్ పరుగెత్తుకొచ్చాడు. ఆయన కాన్పు చూసింది చదువుకునే రోజుల్లో, అదీ వెనక వరసలోంచి. చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, మూడోసారి కడుక్కోబోతున్నాడు.

"నూకరాజూ, ఒరేయ్ నూకరాజూ!" అని గుమ్మం దగ్గర ఎవరో పిలిచారు. విశాలాక్షిగారు. తెల్లకోటు విప్పేసి చీరకొంగు నడుముకు బిగించి ఉన్నారు. "నీకు ఇవాళ రోగిని చూసే పాసిచ్చారు కదా, ఇలా ఇయ్యి."

"మీకెందుకండీ?"

"వేరే విభాగంవాళ్ళు రోగిని ముట్టుకోకూడదని ఉంది. చుట్టాలు ముట్టుకోకూడదని లేదు." పాసు లాక్కుని, బంధుత్వం అన్నచోట పెద్దమ్మ అని రాసి, ద్వారపాలకుడికి చూపించి లోపలికి వచ్చారు. "జాకబ్‌గారూ, పక్కకి తప్పుకోండి. మీరు తల దగ్గర నిలబడి మా అమ్మాయికి ధైర్యం చెప్పండి, అది మీ ఇలాకాయే. ఊఁ, తల్లీ, ఇప్పుడు!"

చాలాసేపు పట్టింది. సత్యవేణి అరిచింది, పెద్దమ్మ అంతకంటే గట్టిగా అరిచింది, జాకబ్ మధ్యమధ్య "బాగుంది, బాగుంది" అన్నాడు. చివరికి మూడో గొంతు ఒకటి వాటన్నిటినీ మించిపోయింది. ఆడపిల్ల. నల్లటి జుట్టు, మూసిన పిడికిళ్ళు.

విశాలాక్షిగారు పిల్లను తుడిచి సత్యవేణి రొమ్ము మీద పెట్టారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇలాంటివాటికే కదుటే ఈ చదువు చదివింది," అన్నారు, ఎవరితోనో తెలియకుండా.

సత్యవేణి పిల్లను చూస్తోంది. అది ముక్కు చిట్లించింది, ఆవులించింది. ఇక లోకంలో చూడదగ్గది ఇంకొకటి లేదన్నట్టు చూస్తోంది.

నరాల వార్డుకు కూడా ఒక నియమం ఉంది. రోగి ఒంట్లోంచి అక్కడ ఏది బయటికి తీసినా సీసాలో పెట్టి, చీటీ కట్టి, ల్యాబుకు పంపాలి. భీమశంకరం నియమం మరిచిపోయే మనిషి కాదు. అప్పలస్వామి అనే అటెండరును పురమాయించాడు. వార్డులో ఉన్న సీసాలేవీ చాలవని తేలడంతో, అప్పలస్వామి క్యాంటీను నుంచి ఊరగాయ జాడీ ఒకటి అడిగి తెచ్చాడు. కడిగే తెచ్చాడు. దాని మెడకు చీటీ వేలాడుతోంది. 'సత్యవేణి. కణితి, రెండవది.' తల్లి పిల్లను చూసుకుంటోంది కదా అని అలికిడి చెయ్యకుండా, గోడవారగా, ఎడమ పక్కనుంచి వచ్చి చేతులు చాచాడు.

సత్యవేణి తల తిప్పలేదు. చూపు పిల్ల మీదినుంచి తియ్యలేదు. ఎడమ చెయ్యి మాత్రం చాచి, జాడీ మెడ గట్టిగా పట్టుకుంది.

"ఎక్కడికండీ?"

అప్పలస్వామి హడలిపోయాడు. "ల్యాబుకి పంపమన్నారమ్మా. నానేటి సెయ్యను, రూలంట."

"దిగండి."

"అమ్మా?"

"ముందు దిగండి. నాకిప్పుడు పక్కలు కూడా కనపడతన్నాయండి."

ఆ గొంతు విని రద్దీ బస్సులో కూడా మనుషులు దిగిపోయేవారు. అప్పలస్వామి జాడీతో సహా వార్డు దిగి వెళ్ళిపోయాడు. కౌంటరులో భీమశంకరం 'నమూనా అందలేదు' అని రాసుకున్నాడు. ల్యాబువారు నమూనా ఎప్పుడు పంపుతారని అడుగుతూ ఇప్పటికీ ఉత్తరాలు రాస్తూనే ఉన్నారని వినికిడి.

అందని ఆ నమూనా ఇప్పుడు సెలవు రోజుల్లో తల్లి బస్సులో తిరుగుతుంది. కిటికీ పక్క సీటే కావాలని పేచీ పెట్టి మరీ కూర్చుంటుంది. సత్యవేణి నడవాలో నిలబడి ఎదురుగా చూస్తూ టికెట్లు కొడుతూనే ఉంటుంది. పిల్ల మెల్లగా, ఎవరూ చూడ్డంలేదనుకుని, చెయ్యి కిటికీ బయటికి పెడుతుంది.

"చెయ్యి లోపలెట్టు!" అని కేకేస్తుంది తల్లి, తల తిప్పకుండానే.